కాలేజీ మ్యూజిక్ ఆడిషన్‌కి పియానో పీసులు ఎలా ఎంచుకోవాలి? చెన్నై తెలుగు పిల్లలు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో పియానో నేర్చుకుంటున్న తెలుగు పిల్లల్లో ప్లస్ టూ తర్వాత సంగీతమే చదువుతామనేవాళ్లు ఏటా కొందరు ఉంటారు. వాళ్లూ, వాళ్లకంటే ఎక్కువగా వాళ్ల అమ్మానాన్నలూ నన్ను అడిగే ప్రశ్నలివి. చెప్పేది ముఖ్యంగా వెస్ట్రన్ క్లాసికల్ ఆడిషన్ల గురించి. జాజ్, సినిమా సంగీతం వైపు వెళ్లాలనుకునేవాళ్లకి కింద విడిగా ఒక ప్రశ్న ఉంది.

ముందు పీసులు ఎంచుకోవాలా, కాలేజీలు ఎంచుకోవాలా?

కాలేజీలు. పియానో ఆడిషన్‌కి ఏం వాయించాలో ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో రాసి ఉంటుంది. అప్లై చెయ్యాలనుకున్న వాటన్నిటి పేజీలూ తెరిచి, ఎవరు ఏం అడుగుతున్నారో ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. మహా అయితే ఒక సాయంత్రం పడుతుంది. ఆ పని చెయ్యకుండా ఆర్నెల్లు సాధన చేసి, ఫారం నింపే రోజున ‘ఈ సొనాటా చెల్లదు’ అన్న వాక్యం కంటపడి తెల్లమొహం వేసిన ఇళ్లున్నాయి. అన్నిటికంటే గట్టిగా అడిగే కాలేజీని లెక్కలో పెట్టుకుని పీసులు కట్టుకుంటే, మిగతా కాలేజీలకి అందులోంచే తీసి ఇవ్వొచ్చు.

సందేహం ఉంటే అడ్మిషన్ ఆఫీసుకే మెయిల్ పెట్టండి, జవాబిస్తారు. మనవాళ్లు అక్కడ అడగడానికి మొహమాటపడి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడుగుతారు.

మామూలుగా ఏమేం అడుగుతారు?

అమెరికాలో పియానో పెర్ఫార్మెన్స్ డిగ్రీకి ఎక్కువ చోట్ల కనిపించే వరస ఇది: బాఖ్‌ది ఒక ప్రెల్యూడ్ (ముందుగా వచ్చే చిన్న పీస్), ఫ్యూగ్ (ఒకే రాగాన్ని వేర్వేరు గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే పీస్), హైడన్, మొజార్ట్, బీథోవెన్, షూబర్ట్‌లలో ఒకరి సొనాటా (మూవ్‌మెంట్లు అనే భాగాలున్న పెద్ద పీస్), పందొమ్మిదో శతాబ్దపు రొమాంటిక్ పీస్ ఒకటి, 1900 తర్వాతది ఒకటి. పెద్ద కన్సర్వేటరీలు (సంగీతానికే ప్రత్యేకించిన కాలేజీలు) వీటికి తోడు ఒకటో రెండో ఎట్యూడ్లు (వేళ్ల నైపుణ్యం కోసం రాసిన పీసులు) కూడా అడుగుతాయి. ఎట్యూడ్ అంటే షోపాన్‌దైతే చాలనుకోకండి. నెమ్మదిగా సాగేవి, ఓపస్ (రచన నంబర్) 10లో 3, 6, ఓపస్ 25లో 7 లాంటివి, కుదరవని చాలా చోట్ల ముందే రాసేస్తారు. ఇంగ్లండ్‌లో కొంచెం వెసులుబాటు ఉంటుంది. ఒకదానికొకటి పోలిక లేని రెండు మూడు పీసులు తెమ్మంటారు, ఎంపిక మీదే. వెసులుబాటు ఉన్న చోటే పిల్లలు ఎక్కువ తడబడతారు. ఒకే రకం పీసులు మూడు పట్టుకెళతారు, మూడూ గట్టిగా, వేగంగా, మైనర్‌లో.

కష్టమైన పీస్ వాయిస్తేనే కదా ప్యానెల్ మెచ్చుకునేది?

అందరి నోటా ఇదే మాట. దీని మీదే ఎక్కువ చెప్పాలి.

ప్యానెల్‌లో కూర్చునేవాళ్లు రోజంతా పియానో వింటారు. షోపాన్ జి మైనర్ బల్లాడ్ వాళ్లకి కంఠతా వచ్చు. చివరి రెండు పేజీల కోడాలో, అంటే ముగింపు భాగంలో, మీ అబ్బాయి ఎన్ని నోట్లు మింగేశాడో, ఎక్కడ పెడల్ తొక్కిపట్టి దాన్ని కప్పేశాడో వాళ్లకి అర్థమైపోతుంది. ఆ పీస్ కష్టమైనదని వాళ్లకి కొత్తగా తెలియాల్సిన పని లేదు. వాళ్లు చూసేది వేరు. ఈ పిల్లకి శబ్దం మీద పట్టుందా, తను వాయించేది తనకి వినబడుతోందా, నాలుగేళ్లు నేర్పితే ఎంతవరకు వస్తుంది?

అందుకని నేను పెట్టుకున్న కొలత ఒకటుంది. అలవాటు లేని పియానో మీద, టెన్షన్‌లో, వేళ్లు చల్లబడి ఉన్నప్పుడు ఎంత బాగా వాయించగలరో అదే మీ అసలు స్థాయి. ఇంట్లో, మంచి మూడ్‌లో, మూడోసారికి కుదిరింది లెక్కలోకి రాదు. ఒక పీస్ పనికొస్తుందో లేదో తేల్చుకోవాలంటే, తెల్లారి లేచి వేళ్లు కదపకుండా నేరుగా ఆ పీస్ మొదలుపెట్టించండి. ఆగకుండా, రూపం చెడకుండా చివరిదాకా వెళితే అది ఆడిషన్ పీస్. వెళ్లకపోతే అది ఇంకా నేర్చుకుంటున్న పీస్. నేర్చుకోవడానికి చేతికి మించినది ఎప్పుడూ ఒకటి ఉండాలి, కాదనను. దాన్ని ఆడిషన్‌కి పట్టుకెళ్లక్కర్లేదు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. మరీ తేలికైనవి పట్టుకెళితే, ఎంత శుభ్రంగా వాయించినా ‘ఇంతవరకే వచ్చా?’ అనుకుంటారు. మొజార్ట్ కె. 545 (కె. అంటే మొజార్ట్ రచనల జాబితాలో నంబర్) సి మేజర్ సొనాటా చక్కటిది. దాన్ని కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం అని మొజార్టే రాసుకున్నాడు. కన్సర్వేటరీ ఆడిషన్‌కి అది చాలదు.

బాఖ్‌లో ఏది తీసుకోవాలి?

బాఖ్ ‘వెల్ టెంపర్డ్ క్లావియర్’ రెండు పుస్తకాలు, ఒక్కోదానిలో 24 ప్రెల్యూడ్, ఫ్యూగ్ జతలు. మొదటిది 1722 నాటిది. అందులోంచి ప్రెల్యూడ్ ఎలా ఉందో చూసి జతని ఎంచుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. మొదటి పుస్తకంలోని సి మేజర్ ప్రెల్యూడ్ పదేళ్ల పిల్లలు కూడా వాయిస్తారు, దాని వెనకే వచ్చే ఫ్యూగ్‌లో నాలుగు గొంతులున్నాయి, అంటే ఒకేసారి నడిచే నాలుగు విడివిడి రాగాలు. కాబట్టి ముందు ఫ్యూగ్ చూడండి. ఎన్ని గొంతులు, మధ్య గొంతు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఎన్నిసార్లు మారుతోంది, అవి లెక్క.

మొదటి పుస్తకంలోని సి మైనర్ జత చాలామందికి సరిపోతుంది. మూడు గొంతులు, చేతిలో పడే రాగం, ప్రెల్యూడ్‌లో వేళ్ల పని. అందరూ అదే వాయిస్తారన్నది నిజమే, అందులో తప్పేం లేదు. డి మేజర్‌లో ప్రెల్యూడ్ కుడిచేతికి పరుగు, ఫ్యూగ్ రాజదర్బారులా ఉంటుంది. వేళ్లు చురుగ్గా ఉన్న పిల్లలకి ఇవ్వొచ్చు. ఇ మైనర్ ఫ్యూగ్‌కి ఒక ప్రత్యేకత ఉంది, 48 ఫ్యూగుల్లో రెండే గొంతులున్నది అదొక్కటే. రెండే కదా అని తేలిగ్గా తీసుకుంటే మాత్రం దొరికిపోతారు. రెండు గొంతులూ బట్టబయలుగా ఉంటాయి, దాక్కోడానికి చోటుండదు. సి షార్ప్ మైనర్, బి ఫ్లాట్ మైనర్‌లలో అయిదు గొంతులు. వాటి జోలికి ఇప్పుడు వద్దు.

కొన్ని కాలేజీలు, ముఖ్యంగా సంగీతం ఒక సబ్జెక్టుగా ఉండే చోట్ల, త్రీ పార్ట్ ఇన్వెన్షన్ (బాఖ్‌దే, మూడు గొంతుల చిన్న పీస్) కూడా ఒప్పుకుంటాయి. అక్కడ బలవంతంగా ఫ్యూగ్ ఎత్తుకోవడం ఎందుకు?

సొనాటా విషయంలో ఏం జాగ్రత్త పడాలి?

‘సొనాటా అలెగ్రో రూపంలో (రాగాల్ని పరిచయం చేసి, పెంచి, మళ్లీ మొదటికి తెచ్చే కట్టుబడిలో) ఉన్న మూవ్‌మెంట్’ అని అడిగారంటే ఆ మాటని అక్షరాలా పట్టుకోండి. మొజార్ట్ కె. 331 ఎ మేజర్ సొనాటా, అదే టర్కిష్ మార్చ్ ఉన్నది, మన పిల్లలకి మహా ఇష్టం. దాని మొదటి మూవ్‌మెంట్ వేరియేషన్లు. మొత్తం సొనాటాలో ఎక్కడా సొనాటా అలెగ్రో రూపం లేదు. బీథోవెన్ ఓపస్ 26 మొదలయ్యేది కూడా వేరియేషన్లతోనే. మూన్‌లైట్‌గా పేరుపడ్డ ఓపస్ 27 నంబర్ 2లో అందరూ వాయించే నెమ్మది మూవ్‌మెంట్ ఈ లెక్కకి రాదు, లెక్కకి వచ్చేది మూడోది. ఆ మూడోది నేర్చుకోవడం అంటే ఒళ్లు హూనం. ఓపస్ 49లోని రెండు చిన్న సొనాటాలు చెల్లవని చాలా కాలేజీలు పేరు పెట్టి మరీ రాస్తాయి.

బీథోవెన్ పథెటీక్, ఓపస్ 13, గురించి విడిగా చెప్పాలి. మనవాళ్లలో సగం మంది కోరుకునేది అదే. మొదటి మూవ్‌మెంట్‌లో నెమ్మది ఆరంభం అయిపోయి వేగం అందుకోగానే ఎడమచెయ్యి అష్టమంలో (ఆక్టేవ్, ఎనిమిది మెట్ల, అంటే కీల, దూరంలో) ఊగుతూ ఉంటుంది, చిటికెనవేలు, బొటనవేలు, చిటికెనవేలు, బొటనవేలు. ఇంట్లో తేలిక మెట్లున్న డిజిటల్ పియానో మీద అది హాయిగా నడుస్తుంది. గ్రాండ్ మీద కూర్చుంటే రెండో పేజీకల్లా మోచేతి కింద కండ బిగుసుకుపోతుంది, వేగం పడిపోతుంది, కుడిచెయ్యి దాన్ని లాక్కుంటూ వెళుతుంది. మణికట్టుని వదులుగా తిప్పడం వచ్చిన పిల్లలకి ఇది బ్రహ్మాండమైన పీస్. రానివాళ్లకి బీథోవెన్‌లోనే ఓపస్ 2 నంబర్ 1, ఓపస్ 10 నంబర్ 1 ఉన్నాయి, హైడన్ ఇ మైనర్ సొనాటా, 34వ నంబర్, ఉంది. హైడన్‌ని మన దగ్గర ఎందుకో ఎవరూ పట్టించుకోరు. చమత్కారం తెలిసిన పిల్లల చేతిలో హైడన్ వింటే ప్యానెల్ నిద్ర మేలుకుంటుంది.

మొజార్ట్ చూడ్డానికి తేలిక. నాలుగో వేలు కాస్త బలహీనంగా ఉందనుకోండి, కె. 332 ఎఫ్ మేజర్‌లో ఒక్క స్కేలు చాలు పట్టిచ్చేయడానికి.

రొమాంటిక్ పీస్ ఏది బాగుంటుంది?

ముందు చెయ్యి కొలవండి. మెట్ల అంచు మీద అరచెయ్యి చాపితే అష్టమం మాత్రమే అందుతుందా, తొమ్మిదో మెట్టు, పదో మెట్టు కూడా అందుతాయా? రాఖ్మనినోవ్‌కి పెద్ద చేతులుండేవి, రాసినవీ అలాగే ఉంటాయి. చిన్న చెయ్యి ఉన్న అమ్మాయికి ఆయన పీసులు ఇచ్చి, కార్డులన్నీ (కలిపి నొక్కాల్సిన నోట్లు) విరిచి వాయించమనడం న్యాయం కాదు. షోపాన్, షూబర్ట్, మెండెల్సన్‌లలో చిన్న చేతులకి ఎంత కావాలంటే అంత ఉంది.

ఫాంటసీ ఇంప్రాంప్టూ వద్దా అని అడుగుతారు. వద్దనను. కుడిచేతికి నాలుగు పడేలోపు ఎడమచేతికి మూడు పడాలి, అది నీళ్లలా పారితేనే బాగుంటుంది. యూట్యూబ్ చూసి వేళ్లకి అలవాటు చేసుకున్నవాళ్లు ఎక్కువమంది మధ్యలో వచ్చే పాటలాంటి భాగాన్ని గాలికొదిలేస్తారు. ప్యానెల్ వినేది అదే. షూబర్ట్ ఓపస్ 90 ఇంప్రాంప్టూల్లో ఒకటి, బ్రామ్స్ ఓపస్ 118లో రెండోది, ఎ మేజర్ ఇంటర్‌మెట్జో, వీటిలో పరుగులు తక్కువ, వినాల్సింది ఎక్కువ. బ్రామ్స్‌లో రాగం పై నోట్లలో ఉన్నప్పుడు బొటనవేలు బరువు తగ్గకపోతే అంతా ముద్దైపోతుంది. అది వచ్చిన పిల్లలకి మాత్రం అంతకంటే మంచి పీస్ ఉండదు.

1900 తర్వాతది అంటే భయం. ఏదైనా వినసొంపైనది ఉందా?

బోలెడు. బార్టోక్ రుమేనియన్ జానపద నృత్యాలు 1915 నాటివి, ఆరు చిన్న పీసులు. మన జానపదాలు విన్న చెవికి పరాయిగా అనిపించవు. కొన్ని చోట్ల అవి తేలికని అంటారు, అప్పుడు జినాస్టెరా 1937లో రాసిన అర్జెంటీనా నృత్యాలు చూడండి. షోస్టకోవిచ్, ప్రొకోఫీవ్, కబలెవ్‌స్కీ ఉన్నారు.

డెబుస్సీతో మాత్రం తేదీలు చూసుకోవాలి. అరబెస్క్‌లు 1891లోనే అచ్చయ్యాయి, ‘1900 తర్వాత’ అన్న నియమానికి నిలబడవు. ప్రెల్యూడ్ల మొదటి పుస్తకం 1910, దానికి ఇబ్బంది లేదు. క్లెయిర్ ద లూన్ అచ్చయింది 1905లో, రాయడం మొదలైంది అంతకు చాలా ముందు. ఇలాంటి దానికి వాదన పెట్టుకోకుండా వేరేది చూసుకోవడం మేలు.

గ్రేడ్ 8 డిస్టింక్షన్ వచ్చింది. ఆ పీసులే వాయిస్తే?

పియానో పరీక్షలు పెట్టే బోర్డుల్లో ట్రినిటీ అయినా ఏబీఆర్‌ఎస్‌ఎం అయినా గ్రేడ్ 8 గట్టి పునాదే. కానీ గ్రేడ్ పరీక్షలో సొనాటా నుంచి ఒక్క మూవ్‌మెంట్ చాలు, నోటేషన్ ముందు పెట్టుకుని వాయించొచ్చు. కన్సర్వేటరీలో మొత్తం సొనాటా, అదీ చూడకుండా, అడుగుతారు. బీఏలో సంగీతం తీసుకునేవాళ్లకి గ్రేడ్ 8 పీసులు బాగానే సరిపోతాయి. పెర్ఫార్మెన్స్ డిగ్రీ కావాలంటే ఆ పైన ఏటీసీఎల్ (గ్రేడ్ 8 తర్వాతి డిప్లొమా) స్థాయి దాకా వెళ్లినవాళ్లతో పోటీ పడాల్సి ఉంటుంది. సర్టిఫికెట్ లేకపోయినా ఫర్వాలేదు, ఆ స్థాయి సంగీతం చేతిలో ఉండాలి.

ఎప్పటికి ఖాయం చేసుకోవాలి?

లెవెన్త్ అయిన వేసవి సెలవుల్లో, అంటే ఏప్రిల్, మే నెలల్లో. ఎందుకంటే ఇంగ్లండ్ కన్సర్వేటరీలకి అక్టోబర్ మొదట్లోనే అప్లికేషన్ ముగుస్తుంది. అమెరికాలో ముందుగా పంపే రికార్డింగ్‌కి చాలా చోట్ల డిసెంబర్ 1 గడువు. అసలు ఆడిషన్లు జనవరి నుంచి మార్చి లోపు, సరిగ్గా బోర్డు పరీక్షల నెత్తి మీద. కాబట్టి ప్లస్ టూలో కొత్త పీస్ ఎత్తుకోవడం అన్న మాటే ఉండకూడదు. నాలుగింట్లో రెండైనా అంతకుముందు ఏడాది నేర్చుకుని, కొన్ని నెలలు పక్కన పెట్టి, మళ్లీ తీసినవి అయ్యుంటే మంచిది. అలా ఊరబెట్టిన పీస్‌కి వచ్చే నిబ్బరం కొత్తదానికి రాదు.

ఇదే ఏడాది జేఈఈ కూడా రాయిస్తామనే నాన్నగారికి నేను చెప్పేదేమీ లేదు. పిల్లల్ని అడగండి.

ఇంట్లో డిజిటల్ పియానోనే ఉంది. సరిపోతుందా?

61 మెట్ల కీబోర్డ్ అయితే చాలదు. 88 వెయిటెడ్ మెట్లు, మూడు పెడళ్లు ఉన్న డిజిటల్ మీద సాధన చెయ్యొచ్చు, చెన్నై ఫ్లాట్లలో చాలామంది చేసేది అదే. కాకపోతే సగం పెడల్ (పెడల్‌ని సగమే తొక్కడం), అతి మెల్లని శబ్దం, మెట్టు బరువు అసలు పియానో మీదే తెలుస్తాయి. నెలకి నాలుగైదు గంటలైనా అసలు పియానో దొరికే ఏర్పాటు చూసుకోండి, గంటల లెక్కన ఇచ్చే స్కూళ్లున్నాయి. ఆ వీలే లేకపోతే పెడల్ మీద, రంగుల మీద నడిచే డెబుస్సీ జోలికి వెళ్లకుండా బార్టోక్‌లాంటిది తీసుకోవడం తెలివైన పని. చేతిలో ఉన్న వాయిద్యాన్ని బట్టి పీస్ ఎంచుకోవడంలో చిన్నతనం ఏం లేదు.

రికార్డింగ్ ఎప్పుడు చెయ్యాలి?

సెప్టెంబర్‌లో. అక్టోబర్ మధ్య నుంచి ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. గాలిలో తేమ ఎక్కితే పియానో లోపలి చెక్క ఉబ్బి శ్రుతి పైకి పోతుంది, మధ్య స్థాయిలో ముందు తెలుస్తుంది, కొన్ని మెట్లు నొక్కితే లేవవు. దానికి తోడు రేకుల షెడ్డు మీద వాన, దీపావళి టపాకాయలు. డిసెంబర్ 1 గడువు కదా అని నవంబర్‌లో స్టూడియో కోసం తిరిగేవాళ్లు మూడో టేక్‌లో వాన తగ్గాలని దణ్ణం పెట్టుకుంటూ కూర్చుంటారు. శ్రుతి చేయించిన మర్నాడే రికార్డు చెయ్యండి. చేతులూ ముఖమూ కనబడాలి. ఒక మూవ్‌మెంట్ మధ్యలో అతుకులు వెయ్యనివ్వరు, అందుకే ఆగకుండా వాయించగల పీసులే అంటున్నాను.

నోటేషన్ ఎక్కడ తెచ్చుకోవాలి?

ఐఎంఎస్‌ఎల్‌పీ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కానీ అక్కడ పాత ఎడిషన్లు ఎక్కువ. వాటిలో ఎవరో సంపాదకుడు తనకి తోచిన పెడల్, స్లర్ గుర్తులు కలిపి ఉంటాడు. బాఖ్‌కీ మొజార్ట్‌కీ ఉర్‌టెక్స్ట్ (స్వరకర్త రాసింది రాసినట్టు ఇచ్చే ఎడిషన్) కొనుక్కోండి. మౌంట్ రోడ్‌లో 1842 నుంచి ఉన్న మ్యూజీ మ్యూజికల్ షాపులో అడిగి చూడండి.

సినిమా పాటో, కీర్తనో వాయించకూడదా?

ఎక్కడికి వెళుతున్నారన్న దాన్ని బట్టి. బోస్టన్‌లోని బర్‌క్లీ మ్యూజిక్ కాలేజీ లాంటి చోట్ల తమ శైలిలో తాము వాయించేవాళ్లే కావాలి. అక్కడ ఇళయరాజా పాటని మీ సొంత హార్మనీతో, నడుమ మనోధర్మంతో వాయిస్తే అది మంచి ఎంపికే. అలాంటి చోట అప్పటికప్పుడు కల్పించి వాయించమంటారు, చూసి వాయించమంటారు, విని చెప్పమంటారు. వాటికి సిద్ధపడాలి. పాత తెలుగు సినిమాల్లో కోటు తొడుక్కున్న హీరో పియానో ముందు కూర్చున్నట్టు పాట ఉన్నది ఉన్నట్టు దించేస్తే చాలదు.

క్లాసికల్ ఆడిషన్‌లో మాత్రం వాళ్లడిగిన జాబితాకి బదులుగా ఇవి చెల్లవు. కీర్తనతో ఇంకో చిక్కుంది. పియానో మీద రెండు మెట్ల మధ్య ఏమీ లేదు, గమకం పలకదు. తోడిని మెట్ల మీద వాయిస్తే దాని ప్రాణం పోతుంది. మోహనం, హంసధ్వని లాంటివి కాస్త నిలబడతాయి.

చెన్నైలోనే చదవాలనుకుంటే?

ఎ.ఆర్. రెహమాన్ 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ఇక్కడే ఉంది. ఏ కోర్సుకి ఏం వాయించాలో ఆ ఏటి వివరాలు వాళ్లనే అడిగి తెలుసుకోండి. పైన చెప్పిన కొలత ఇక్కడికీ వర్తిస్తుంది.

టీచర్ ఒక పీస్ అంటున్నారు, పిల్ల ఇంకోటి అంటోంది. ఎవరి మాట వినాలి?

సొనాటా, బాఖ్ టీచర్‌కి వదిలేయండి. రొమాంటిక్ పీస్ పిల్లది. ఏడాదిపాటు రోజూ దానితో కాపురం చెయ్యాల్సింది ఆ అమ్మాయే. మీ అభిప్రాయం అడిగితే చెప్పండి.

ఏ వరసలో వాయించాలి? మధ్యలో ఆపేస్తే నచ్చలేదనా?

మొదటి పీస్ చాలా చోట్ల మీ ఇష్టం, తర్వాతవి వాళ్లడుగుతారు. మొదట బాఖ్ పెట్టుకోవడం చాలామందికి అలవాటు. జ్ఞాపకం తప్పే భయం ఎక్కువ ఉండేది కూడా ఫ్యూగ్‌లోనే, కాబట్టి వణుకుతున్న చేతులతో దానిలోకి దిగొద్దు. సొనాటా మొదటి మూవ్‌మెంట్‌తో మొదలుపెడితే గదినీ పియానోనీ తెలుసుకోవడానికి రెండు నిమిషాలు దొరుకుతాయి.

ఆపేయడం అన్నది మామూలే. అరగంట సంగీతం సిద్ధం చేసుకుని వెళితే వాళ్లు వినేది పది, పదిహేను నిమిషాలు. ‘థాంక్యూ, ఇప్పుడు బాఖ్’ అంటారు, అంతే. ‘డెవలప్‌మెంట్ (మూవ్‌మెంట్ నడిమి భాగం) నుంచి వాయించండి’, ‘రెండో మూవ్‌మెంట్ చాలు’ అని కూడా అంటారు. మొదటి నుంచి తప్ప మొదలుపెట్టడం రాని పిల్లలు అక్కడ బిక్కచచ్చిపోతారు. అందుకని చివరి నెలలో ఒక్కో పీస్‌ని నాలుగైదు చోట్ల పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఎవరైనా ఒక అంకె చెప్పగానే అక్కణ్ణుంచి ఎత్తుకునేలా సాధన చేయించండి. అంకె చెప్పే పని అమ్మమ్మ కూడా చెయ్యొచ్చు, దానికి సంగీతం రానక్కర్లేదు.